పదహారో సీతాకోకచిలుక

"ఓకే అయింది సుక్కూ! వందకు వంద కార్డులు నువ్వే చెయ్యాలె!"

ఫోన్లోంచి ఫౌజియా అరిచిన అరుపుకి సుకన్య చేతిలో చింతపండు గిన్నె తొణికింది. చెయ్యి కడుక్కునే ఓపిక ఎక్కడిది? ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పులుసు కారుతున్న చేతులు గాల్లోనే పెట్టుకుని, వంటింట్లో గిర్రున ఒక చుట్టు తిరిగింది.

"ఒట్టు?"

"అల్లా కసం! మా అమ్మీ ఫిదా అయిపోయిందే. నువ్విచ్చిన శాంపిల్ కార్డు మీద సీతాకోకచిలుక ఉంది చూడు, దాని రెక్కలు లేపుడు, చూసుడు, మళ్ళ లేపుడు, మళ్ళ చూసుడు. నా బిడ్డ నిఖాకు ఇదే కార్డు కావాలె, ప్రెస్సుల కొట్టించినవి నాకొద్దు అని అబ్బాకు ఖరాఖండిగ చెప్పింది. కానీ ఒకటే షరతు."

"చెప్పు, చెప్పు."

"కాయితం అదే ఉండాలె. రంగురంగుల చిన్న చిన్న గళ్ళ కాయితం. ఎక్కడ దొరికిందే నీకది? హన్మకొండ మొత్తం తిరిగినా అసోంటిది కనబడలే నాకు."

"అది మాత్రం చెప్పను. దుకాణం రహస్యం," అంది సుకన్య నవ్వు ఆపుకోలేక.

ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్న ఫౌజియా పెళ్ళికార్డులు తన చేతుల మీదుగా పోతాయంటే అంతకన్నా ఏం కావాలి? సుకన్యకు పెళ్ళయి సరిగ్గా నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో ఆమెకు ప్రతిదీ పండగలాగే ఉంది. భర్త భానుచందర్ బండి సందు మలుపులో కొట్టే రెండు హారన్లు పండగ. అత్తగారు తన పళ్ళెంలో అడక్కుండా వేసిన రెండో పచ్చడి ముద్ద పండగ. పెళ్ళయిన నెలకు భాను ఉంగరం కొనకుండా, ఆమె ఎప్పటినుంచో కలవరిస్తున్న కాగితాలు కోసే చేతిమిషను తెచ్చిపెట్టిన రోజైతే చెప్పనే అక్కర్లేదు. కాగితం మీద డై అనే ఇనప అచ్చు పెట్టి, పైనా కిందా ప్లేట్లు వేసి, పిడి పట్టి తిప్పితే కరకరమని అవతలకి వస్తుంది. ప్లేటు ఎత్తితే సీతాకోకచిలుక! ఎన్నిసార్లు చూసినా ఆ ఎత్తే క్షణంలో ఆమె ఊపిరి బిగబట్టేది.

ఫోన్ పెట్టేసి, ఈ సంగతి ముందు అత్తమ్మకి చెప్పాలా, మడికొండ ఆఫీసులో ఉన్న భానుకి చెప్పాలా అని ఆమె తేల్చుకునేలోపే హాల్లోంచి మామగారి గొంతు వచ్చింది.

"సారలా! అటక మీద నీలం గుడ్డల చుట్టిన కట్ట ఉండాలె. యేదే?"

సుకన్య కాళ్ళు ఉన్నచోటే ఆగిపోయాయి.

నీలం గుడ్డ.

ఆ గుడ్డ ఇప్పుడు వెనక గదిలో, ఆమె బల్ల మీద, ఇంకు ప్యాడ్ల కింద పరిచి ఉంది.

*

పొద్దున రాజేశ్వర్ రావు ఫోన్ చేసినప్పటినుంచీ ఆ ఇంట్లో ఒక్క వస్తువూ తన చోట లేదు. హైదరాబాదులో చేనేత షోరూం నడిపే మనిషి ఆయన. ఎల్లుండి వస్తానన్నాడు. పాతికేళ్ళ కిందట కొత్తవాడలో సుకన్య మామగారు రాజమల్లు మగ్గం మీద దిగిన నెమలి షత్రంజీ, నూలు తివాచీ ఒకటి ఎవరింట్లోనో నేల మీద పరిచి ఉండగా చూశాడట. ఆ డిజైన్ చూపిస్తే మళ్ళీ నేయిస్తానన్నాడు.

ఆరేళ్ళుగా పత్తి గోదాం గేటు దగ్గర కుర్చీలో కూర్చుని వస్తున్న రాజమల్లు, ఈ పూట డ్యూటీకి పోలేదు. స్టూలు మీద నిలబడి, బనీను నిండా బూజుతో, అటక మీదున్నవన్నీ కిందికి దించుతున్నాడు.

"మామయ్యా, దిగండి. పడతరు," అంది సుకన్య.

"పడను బిడ్డా. జర ఆ సంచి అందుకో. మా మొండయ్యన్న గీసిన కాయితాలు. గళ్ళ కాయితం మీద ఒక్కొక్క గడికి రంగు ఏసి గీసిండు. ఒక గడి అంటె ఒక పోగు. అది చూసుకుంటనే నేను నేసేటోన్ని. అన్న పోయిండు, ఆయన చెయ్యి ఆ కాయితాలల్ల ఉంది." ఆయన కిందికి చూసి నవ్వాడు. ఆయన పళ్ళు కనిపించేలా నవ్వడం పెళ్ళయ్యాక ఆమె చూడటం అదే మొదటిసారి. "నెమలి బొమ్మ రెండు కాయితాలు. అవి దొరికితె చాలు, నా మగ్గం లేస్తది."

సుకన్య అత్తగారి వైపు చూసింది.

సారలమ్మ గడప పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. ఆ బియ్యంలో రాళ్ళు ఉండవు. ప్యాకెట్టు బియ్యం.

దసరా ముందు ఇల్లు దులిపిన రోజు ఇద్దరూ అదే స్టూలు దగ్గర ఉన్నారు. "ఇగో, ఈ కట్ట పాతపేపరోనికి ఎయ్యి బిడ్డా," అని నీలం గుడ్డ మూటని ఆమె చేతిలో పెట్టింది సారలమ్మే. విప్పి చూసిన సుకన్య ఆ రంగులకి మురిసిపోయి, "అత్తమ్మా, వీటిని నేను కార్డులకు వాడుకోనా?" అని అడిగింది. "నీ ఇష్టం. ఇంట్ల మాత్రం కనబడొద్దు," అని అటు తిరిగిపోయింది అత్తగారు.

ఆ మాట ఇప్పుడు గుర్తు చెయ్యొచ్చు. చేస్తే?

రాళ్ళు లేని బియ్యంలో సారలమ్మ వేళ్ళు ఆగాయి. ఒక్కసారి కళ్ళెత్తింది. ఆ చూపులో బతిమాలుకోవడం ఉంది. కోడలి వైపు ఆమె ఎప్పుడూ అలా చూడలేదు.

"మామయ్యా," అంది సుకన్య. "ఆ కట్ట నా దగ్గరున్నది."

"ఉన్నదా? బతికించినవ్ తల్లీ!"

"లేదు మామయ్యా. మీరు... దిగండి ముందు."

*

రేకు డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది. లోపల సీతాకోకచిలుకలు. అరచేతిలో సగం పట్టేంత. ఎరుపు, ఆకుపచ్చ, నీలం గళ్ళతో, ఒకదాని మీద ఒకటి ఒద్దికగా పడుకుని ఉన్నాయి. పక్కన అవి లేచివెళ్ళిన రెండు కాగితాలు, నిండా రెక్కల ఆకారం చిల్లులతో.

రాజమల్లు ఒక కాగితం తీసి వెలుతురుకి పట్టాడు. చిల్లుల్లోంచి వాకిలి కనబడింది. వాకిట్లో ఆరేసిన చీర కనబడింది.

"ఇంకా ఎనిమిది కాయితాలున్నయి మామయ్యా. అవి కొయ్యలే. ఇవి రెండే. రంగులు బాగున్నయని..."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండునని ఆమెకు అనిపించింది. కాగితాన్ని మళ్ళీ డబ్బా పక్కనే పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. స్టూలు తీసి గోడకి ఆనించాడు. చెప్పులేసుకుని అరుగు మీదికి పోయి, వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

"టీ పెట్టియ్యనా?" అని సారలమ్మ లోపలినుంచే అడిగింది.

ఆయన వీధివైపే చూస్తూ ఉండిపోయాడు.

మళ్ళీ అడిగింది. మూడోసారి అడగకుండా టీ గిన్నె బోర్లించింది.

*

సాయంత్రం ఆరింటికి సందు మలుపులో రెండు హారన్లు మోగాయి. ఈసారి సుకన్య గుమ్మంలోకి పరుగెత్తలేదు.

భానుచందర్ హెల్మెట్ తీసి, అరుగు మీద తండ్రి మొహం చూసి, లోపల తల్లి మొహం చూసి, డబ్బా పక్కనున్న చిల్లుల కాగితం చూశాడు. సంగతి అర్థం కావడానికి అతనికి పెద్దగా సమయం పట్టలేదు.

"పెదనాయిన గీసినవి కదా ఇవి?"

"నాకు తెల్వదు."

"తెల్వకపోతె అడగాలె. ఇంట్ల ఇంతమందిమి ఉన్నం. ఒక్కరిని అడిగినవా?"

సుకన్య తలతిప్పి చూసింది. వంటింటి గుమ్మం దగ్గర సారలమ్మ నీడ కదిలింది.

"నిన్నే. ఎవరినన్న అడిగి కోసినవా, లేకపోతె కత్తెర చేతుల ఉందని కోసినవా?"

"కత్తెర కాదు," అంది సుకన్య. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. "డై."

"ఏదైతె ఏంది! కోసుడు కోసుడే కదా." అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "నాదే బుద్ధి తక్కువ. ఆ మిషన్ నేనే కొనిచ్చిన. కొనకుంటె బాగుండు."

"భానూ!"

గదిలో మాత్రమే పిలిచే పేరు అది. హాల్లో, పెద్దవాళ్ళు వింటుండగా ఎప్పుడూ 'ఏమండీ' అనే పిలిచేది. అరుగు మీద రాజమల్లు తల కూడా ఇటు తిరిగింది.

"ఆ మిషన్‌ను ఏం అనకు. నన్నెన్నన్నా అను," అంది. కళ్ళు నిండుతుంటే అవి ఒలకకముందే డబ్బా, కాగితాలు తీసుకుని గిరుక్కున తిరిగి వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

వెనక గది మగ్గం గది. గోడవారగా మగ్గం దుమ్ము పట్టి ఉంది. దాని పక్కనే ఆమె బల్ల. మగ్గం ఆగినప్పటినుంచీ రాజమల్లు ఈ గదిలో అడుగుపెట్టలేదు. అందుకే ఈ కాగితాలు ఇన్ని వారాలు ఇక్కడే ఉన్నా ఆయన కళ్ళ పడలేదు.

బల్ల ముందు కూర్చుని సుకన్య కాసేపు ఏడ్చింది. ఏడుస్తూనే, చేతికి ఏదో ఒక పని లేకపోతే ఉండలేని మనిషి కనక, ఒక సీతాకోకచిలుకని తీసి ఒక చిల్లు మీద పెట్టింది. కుదరలేదు. రెండోదాని మీద పెట్టింది. కుదరలేదు. మూడో చిల్లులో పెట్టగానే ఎరుపు గడి పక్కకి ఎరుపు గడి, పచ్చ పక్కకి పచ్చ వచ్చి చేరాయి. గీత ఎక్కడ తెగిందో వెతికినా కనబడలేదు.

ఆమె ఏడుపు ఆగింది.

కత్తెరతో కోస్తే అంచు నలుగుతుంది, కొంత పోతుంది. అచ్చుతో కోసినది అలా కాదు. వెంట్రుకవాసి కూడా పోదు. వచ్చిన ముక్కా, మిగిలిన చిల్లూ సరిగ్గా ఒకదానికొకటే.

గబగబా లైటు వేసింది. కాగితాన్ని బోర్లించి, వెనకనుంచి సన్నటి టేపు ముక్కలతో ఒక్కొక్కటే అతికించడం మొదలుపెట్టింది. వెనకవైపున పెన్సిలుతో రాసిన చిన్న చిన్న అంకెలు కనిపించాయి. వాటి మీద టేపు పడకుండా జాగ్రత్త పడింది. నెమలి తోక వచ్చింది. కాళ్ళు వచ్చాయి. రెండో కాగితం మీద అంచు పూలు వచ్చాయి. పద్నాలుగు. పదిహేను.

డబ్బా ఖాళీ అయింది.

"మామయ్యా! ఒక్కసారి ఇటు రండి!"

ఆయన గడప దగ్గర ఆగాడు. ఆరేళ్ళ తర్వాత ఆ గడప. ఒక కాలు లోపల పెట్టి, మగ్గం వైపు చూడకుండా, తిన్నగా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనకాలే భాను. అతని వెనక సారలమ్మ.

రాజమల్లు వంగి చూశాడు. అతికిన చోట వేలితో తడిమాడు. ఏమీ తగల్లేదు.

"తల యేది?" అన్నాడు.

నెమలి మెడ దాకా వచ్చి ఆగింది. పైన, తల ఉండవలసిన చోట, సీతాకోకచిలుక ఆకారంలో ఖాళీ.

సుకన్యకు వెంటనే గుర్తొచ్చింది. డైని మొట్టమొదట పెట్టింది అక్కడే. కాగితం మొత్తం మీద రంగులు ఎక్కువ ఉన్న చోటు ఏదని చూసి చూసి, వెతికి వెతికి, అక్కడ పెట్టింది. అదే శాంపిల్ కార్డు మీదికి ఎక్కింది.

"అది ఒక్కటి ఫౌజియా దగ్గరున్నది మామయ్యా."

"ఫోటో ఉంటది కదా నీ ఫోన్ల?" అన్నాడు భాను. ఇందాకటి కోపం గొంతులో సగమే ఉంది.

ఫోటో ఉంది. కానీ ఆ రెక్కల మీద ఆమె బంగారు ఇంకుతో తీగల స్టాంపు వేసింది. గళ్ళు ఒక్కటీ కనబడవు. రాజమల్లు ఫోన్ని దగ్గరికి, దూరానికి జరిపి చూసి ఇచ్చేశాడు.

"తోక నేను అందాజగ నేస్త. అంచు నేస్త. అన్న పెట్టిన ఆ కన్ను నాతోని కాదు," అన్నాడు. "వెనక అంకెలు ఉన్నయా దానికి? ఏ గడికి ఏ రంగు పోగో అన్న వెనక అంకెలేసి పెట్టేటోడు."

"ఉన్నయి మామయ్యా! రెక్కలు లేచినట్టు ఉండాలని మధ్యల ఒక్కచోటనే అతికిచ్చిన. రెక్కల కింద అంకెలు అట్లనే ఉన్నయి. ఇప్పుడే తెప్పిస్త!"

*

ఫౌజియా ఫోన్ ఎత్తగానే మళ్ళీ పొద్దుటి ఉత్సాహమే. సుకన్య చెప్పుకుంటూ పోయిన కొద్దీ అవతల మాట తగ్గింది. చివరికి బొత్తిగా ఆగిపోయింది.

"ఫౌజీ? ఉన్నవా?"

"ఉన్న." ఆమె నెమ్మదిగా అంది. "కార్డు నా దగ్గర లేదు సుక్కూ. మధ్యాహ్నం అబ్బా కేసముద్రం తీస్కపోయిండు. యాకూబ్ వాళ్ళింటికి, నా అత్తగారింటికే. తారీఖు ఖరారైందని మిఠాయి డబ్బా మీద ఆ కార్డే పెట్టి ఇచ్చొచ్చిండు."

"అయితె అడుగు. ఒక్కరోజు కోసమే. మళ్ళ ఇచ్చేస్త."

"ఎట్ల అడుగుతనే? తారీఖు మీద ఇచ్చిన చీజు వాపస్ అడిగితె వాళ్ళు ఏమనుకుంటరు? రిష్తా వాపస్ అడిగినట్టే. యాకూబ్ దాదీ అసలే పాతకాలం మనిషి. కార్డును చూసి మురిసి, రేపు ఫ్రేం కట్టిపిస్త అన్నదట."

"ఫ్రేం కడితె రెక్కలు అద్దం కింద అతుక్కపోతయి ఫౌజీ!"

"నాకు తెల్వదు." గొంతు సన్నబడింది. "రెండేండ్లు కొట్లాడి ఒప్పించుకున్న ఈ పెండ్లికి. నువ్వే చూసినవ్ కదా. నువ్వు పోవద్దు. మీ ఇంట్లకెల్లి ఎవ్వరు పోవద్దు. మాటియ్యి నాకు."

సుకన్య చుట్టూ చూసింది. ముగ్గురి కళ్ళూ తన మీదే.

"ఎవ్వరం పోము," అంది.

ఫోన్ పెట్టేసింది.

భాను గట్టిగా ఊపిరి వదిలాడు. "అయిపోయింది ఇగ. ఎల్లుండి ఆయనొస్తె ఏం చూపిస్తడు బాపు? తల లేని నెమలినా? ఒక్క మాట అడిగి కోస్తె ఇంత దాక వచ్చునా?"

"అరవకు రా దాని మీద."

సారలమ్మ. కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది.

"అడగకపోవుడేంది, అడిగింది. నన్నే అడిగింది. ఆ కట్ట దాని చేతుల పెట్టింది నేనే."

భాను తల్లి వైపు తిరిగాడు.

"పాతపేపర్లు అనుకున్నవా?" రాజమల్లు ఆమె వైపు తిరగకుండానే అడిగాడు.

"లేదు."

"మా అన్న గీసినవని తెల్సే ఇచ్చినవా?"

"తెల్సే ఇచ్చిన." ఆమె గొంతు పెరిగింది. "మూన్నెల్లు దవాఖాన్ల నీ మంచం పక్కన కూసున్నది ఎవరు? నీ రొమ్ముల దూది ఎంత పేరుకుందో డాక్టరమ్మ ఫోటో పెట్టి చూపించింది ఎవరికి? నీకా? నాకు! ఇంకోసారి మగ్గమెక్కితె మనిషి దక్కడని చెప్పింది నాకు. ఆ కాయితాలుంటె ఎప్పుడో ఒకనాడు ఎవడో ఒకడొచ్చి అడుగుతడు, నువ్వు లేస్తవ్. అందుకే ఇచ్చిన. మళ్ళ ఇమ్మంటె మళ్ళ ఇస్త."

"మగ్గం దిగినంక నేను ఎట్ల బతుకుతాన్నో చూసినవా సారలా?"

ఆయన గొంతు పెంచలేదు. అరుగు మీద కూర్చున్నప్పటి గొంతుతోనే అన్నాడు.

"ఆరేండ్లాయె, గేటుకాడ కుర్చీల కూసుంటాన్న. లారీ వస్తె గేటు తీస్త. పోతె మూస్త. చేతులు ఏం చెయ్యాల్నో తెల్వక తొడల మీద పెట్టుకుంట. చూసినవా?"

భాను నేల చూపులు చూస్తున్నాడు. సుకన్యకి అత్తామామల మధ్యనుంచి ఎటు తప్పుకోవాలో తెలియలేదు. అత్తగారి తప్పు తన మీద వేసుకున్నప్పుడు గుండె ఇంత బరువుగా లేదు. ఇప్పుడు ఆ తప్పు తన మీదినుంచి పోయింది. కాని బరువు పోలేదు.

కుక్కర్ కూత వేసింది. ఎవరూ వెళ్ళలేదు. రెండోది వేసింది. సారలమ్మే వెళ్ళి కట్టేసి వచ్చింది. వచ్చేటప్పటికి ఆమె కొంగు నడుముకి బిగించి ఉంది.

"రేపు పొద్దుగాల కేసముద్రం పోతాన్న," అంది.

"అత్తమ్మా, నేను మాటిచ్చిన..."

"నువ్విచ్చినవ్. నేనియ్యలె." సారలమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసింది. "కార్డు వాపస్ అడగ. వాళ్ళ పెండ్లికి అడ్డం పడ. ఆ ముసలామె ముందట కూసొని, నేను చేసిన పని ఇదమ్మా అని చెప్త. ఫ్రేం కట్టేటోనికి ఇయ్యకముందు ఒక్క ఘడియ రెక్కలు లేపి చూపియ్యుమని కాళ్ళు పట్టుకుంట. నువ్వు నా తోడు రా. ఇల్లు చూపిద్దువు."

"వాళ్ళు వేరే తీరు అనుకుంటె? ఫౌజియా మళ్ళ నా మొహం చూడదు అత్తమ్మా."

సుకన్య చేతిలో ఫోన్ వెలిగింది. ఫౌజియా మెసేజ్. 'ఎవరు పోరు కదా? పక్కానా?' సుకన్య వేలు అక్షరాల మీద ఆడింది. ఏదీ నొక్కలేదు.

"మీరు పోయి ఏం చేస్తరు?" అన్నాడు రాజమల్లు. "అన్న రాసిన అంకెలు మీకు తెలుస్తయా?"

"తెల్వయి," అంది సారలమ్మ. "అందుకే నువ్వు గూడ వస్తాన్నవ్."

ఆ పూట మొదటిసారి ఆయన ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ముగ్గురినీ దాటుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. లోపల గొళ్ళెం పడింది.

"అమ్మా, బాపు రాడు," అన్నాడు భాను మెల్లగా.

సారలమ్మ ఆ తలుపు దగ్గరికి వెళ్ళింది. తట్టలేదు. చెక్కకి మొహం దగ్గరగా పెట్టి, లోపలికి వినబడేంత గట్టిగా చెప్పింది.

"ఆరున్నరకు రైలుబండి. ఐదింటికల్ల నీళ్ళు కాగి ఉంటయి. తెల్ల అంగీ ఇస్త్రీ చేసి తలుపుకు తగిలిస్త."